కోలారు టమోటా, కరీబియన్ అరటికాయ



కోలారు బంగారు గనుల ఊళ్ళో, రాబర్ట్‌సన్‌పేట బజారులో, పొద్దు వాలేసరికి బజ్జీల బాణళ్ళు పొయ్యెక్కుతాయి. ఒకటే నూనె, ఒకటే శెనగపిండి జారు. అందులో అరటికాయ బజ్జీ వేస్తారు, మిరపకాయ బజ్జీ వేస్తారు. తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ అన్నీ వినబడే బజారది. ఏ భాషలో అడిగినా ఈ రెండూ చేతికొస్తాయి. అయితే ఈ రెండింటిలో ఒకటి ఆసియాలో పుట్టి సముద్రాలు దాటి అమెరికా ఖండాలకు వెళ్ళింది. రెండోది ఆ ఖండాల్లో పుట్టి సముద్రాలు దాటి మన దగ్గరికొచ్చింది. ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది ఈ రాకపోకల గురించే. మెక్సికో, క్యూబా, పెరూ, కొలంబియా లాంటి లాటిన్ అమెరికా దేశాల వంటను ఇప్పుడు దేశదేశాల జనం ఇష్టపడి తింటున్నారు. ఆ వంటకు కావలసిన సరుకులో ముఖ్యమైన టమోటాను పండించే కోలారు జిల్లా రైతుకు ఈ కొత్త రుచిలో వాటా దక్కాలన్నది నా మాట.

ఏది ఎక్కడిదో తెలుసుకోవడానికి పెద్ద పుస్తకాలేమీ తిరగెయ్యక్కర్లేదు. ఆచారం పాటించే ఇళ్ళల్లో తద్దినం వంట చూడండి. మిరపకాయ ఉండదు, మిరియాలు వేస్తారు. టమోటా ఉండదు, బంగాళాదుంప ఉండదు. అరటికాయ కూర మాత్రం ఉండి తీరాలి. పితరుల వంట పాతకాలపు కూరగాయల దగ్గరే ఆగింది. పోర్చుగీసు ఓడలు వచ్చాక మనకు దొరికినవాటిని లోపలికి రానివ్వలేదు. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ మన వంటిల్లు నడిచేది మాత్రం ఆ వచ్చినవాటితోనే. మిరప, టమోటా, బంగాళాదుంప, వేరుశెనగ, మొక్కజొన్న, జీడిమామిడి, జామ, బొప్పాయి, సీతాఫలం, సపోటా అన్నీ అమెరికా ఖండాల సొత్తు. చట్నీలో వేరుశెనగ, తాలింపులో ఎండుమిరప, చారులో టమోటా లేని రోజును మనం ఊహించుకోలేం.

అరటి ప్రయాణం ఎదురు దిక్కున సాగింది. న్యూగినీ, ఆగ్నేయాసియా, మన దేశం దాని పాత నివాసాలు. అక్కణ్ణుంచి ఆఫ్రికాకు, ఆఫ్రికా పడమటి తీరం నుంచి కానరీ దీవులకు చేరింది. 1516లో తొమాస్ దె బెర్లాంగా అనే స్పెయిన్ మతగురువు కానరీ దీవుల నుంచి అరటి పిలకల్ని హిస్పానియోలా దీవికి పట్టుకెళ్ళి నాటించాడు. ఇప్పటి డొమినికన్ రిపబ్లిక్, హైతీ ఉన్న దీవి అది. తర్వాత పనామాకు బిషప్ అయిన ఈయనే 1535లో ఓడ దారి తప్పి గాలాపగోస్ దీవుల్ని కనుక్కున్నాడు. ఆయన పేరు చాలామంది ఆ దీవుల వల్లే తలుచుకుంటారు. నన్నడిగితే ఆ పిలకలు నాటించడమే పెద్ద పని. అయితే పిలక నాటించినవాడు ఒకడు, దాన్ని వంటగా మలిచినవాళ్ళు వేరు. ఆఫ్రికా తీరం నుంచి బానిసలుగా పట్టుకుపోయిన జనం చెరుకు తోటల్లో చాకిరీ చేస్తూ, తమకు తెలిసిన అరటికాయను తమకు తెలిసిన తీరులో ఉడకబెట్టి, దంచి, వేయించి బతికారు. ఇవాళ పెద్ద హోటళ్ళలో పళ్ళేనికి ఇంతని ధర కట్టి వడ్డించే కరీబియన్ అరటికాయ వంటల వెనక ఉన్నది ఆ చేతులు.

ఆ వంటల్లో ముఖ్యమైనదాన్ని కాస్త వివరంగా చెబుతాను. పచ్చి అరటికాయను వాళ్ళు రెండుసార్లు వేయిస్తారు. ప్యూర్టోరికోలో తొస్తోనెస్ అంటారు, కొలంబియా, పనామాల్లో పటకోనెస్ అంటారు. కాయ రెండు కొసలూ కోసెయ్యాలి. గట్టు వెంబడి తొక్క మీద చాకుతో గీత పెట్టి ఉప్పునీళ్ళలో కాసేపు ఉంచితే తొక్క తేలిగ్గా ఊడొస్తుంది. జిగురు మరకలు పడకుండా చేతులకు నూనె రాసుకోవడం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. బొటనవేలంత మందాన ముక్కలు కోసి, మరీ కాగని నూనెలో నాలుగైదు నిమిషాలు వేయించాలి. ఈ వాయిలో రంగు రానక్కర్లేదు, చాకు మొన గుచ్చితే మెత్తగా దిగితే చాలు. ముక్కల్ని బయటికి తీసి, స్టీలు గ్లాసు అడుగుకు నూనె రాసి, ఒక్కో ముక్కనూ దాంతో మెల్లగా అదమాలి. అంచులు చిట్లి, అప్పచ్చిలా పల్చగా అవుతుంది. కొందరు దాన్ని వెల్లుల్లి నలిపిన ఉప్పునీళ్ళలో ముంచి తీస్తారు. అలా చేస్తే తడిని గుడ్డతో పూర్తిగా అద్దెయ్యాలి, లేకపోతే నూనె చిందుతుంది. చివరికి బాగా కాగిన నూనెలో రెండోసారి వేయాలి. మొదటి వాయిలో కాయలోని పిండిపదార్థం లోపలి తడితోనే ఉడుకుతుంది. అదిమినప్పుడు నూనె తగిలే మేర పెరుగుతుంది. రెండో వాయిలో ఆ పైపొర తడంతా ఆవిరైపోయి గట్టిపడుతుంది. పైన కరకర, లోపల వెన్న. కాస్త ఉప్పు చల్లితే ఇంకేమీ అక్కర్లేదు.

ఏ కాయ వాడాలన్నది ముఖ్యం. కరీబియన్ వాళ్ళు వాడే రకానికి మన నేంద్రం చెల్లెలి వరస అవుతుంది. రెండూ ఒకే వర్గం అరటి. కేరళ నుంచి వచ్చే నేంద్రం కాయ బెంగుళూరులో, కోలారులో చిప్సు వేయించే అంగళ్ళలో కనబడుతూనే ఉంటుంది. మనం కూరకు వాడే బొంత అరటి వేరే వర్గం. దానిలో తడి ఎక్కువ, మెత్తదనం ఎక్కువ. బొంతతోనూ చెయ్యవచ్చు, మొదటి వాయి కాస్త తక్కువసేపు వేయించాలి, అంతే. ఇక తొక్క మీద నల్లమచ్చలు పడేదాకా మాగిన నేంద్రం పండును ఏటవాలుగా కోసి వేయిస్తే అది మాదురోస్. పిండి చక్కెరగా మారిన పండు కాబట్టి అంచులు ముదురు గోధుమరంగుకు తిరిగి తియ్యగా ఉంటుంది. మలయాళీలు ఇదే పండును మైదా జారులో ముంచి పళంపొరి చేస్తారు. వేయించిన పచ్చికాయ ముక్కల్ని వెల్లుల్లితో, వేయించిన పందితోలు ముక్కలతో కర్ర రోట్లో దంచి ముద్ద చేస్తే ప్యూర్టోరికో మొఫోంగో. ఉడకబెట్టి మెదిపి, పైన ఉల్లిపాయలు వేసుకుని పొద్దున్నే తింటే డొమినికన్ మాంగూ. పక్కన మన ఆవపెట్టిన అరటికాయ కూర పెడితే మాంగూలో పరాయిదేమీ కనబడదు.

మనవాళ్ళు ఈ వంటను ఎరగడం ఈ మధ్య సంగతి కాదు. కరీబియన్ దీవుల్లో బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. 1853లో మార్టినీక్‌కు, 1854లో గ్వాడెలూప్‌కు మన దేశం నుంచి మొదటి ఓడలు చేరాయి. పాండిచ్చేరి, కారైకాల్ రేవుల మీదుగా వెళ్ళినవాళ్ళలో తమిళులు ఎక్కువ, వాళ్ళతోపాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. మసాలా పొడి నూరుకునే అలవాటును వాళ్ళు అక్కడ వదులుకోలేదు. కొలంబో అనే పేరుతో ఆ పొడి ఇప్పుడు ఆ దీవులన్నిటిదీ అయిపోయింది.

అమెరికా వెళ్ళిన మన తరం కథ ఇంకొకటి. న్యూజెర్సీలోనో డల్లస్‌లోనో కాపురం పెట్టిన తెలుగు ఇల్లాలికి అరటికాయ, కర్రపెండలం, కొత్తిమీర, కారం ఉన్న పచ్చిమిరప, చింతపండు కావాలంటే ఇండియన్ అంగడి దూరమైనప్పుడు పక్కనున్న లాటిన్ అంగడే ఆదుకుంది. మనకు అక్కరకొచ్చే సరుకుల్లో సగం వాళ్ళకూ నిత్యావసరాలే. 1936లో న్యూయార్కులో ఒక స్పెయిన్ కుటుంబం చిన్న అంగడిగా మొదలుపెట్టిన గోయా కంపెనీ, వలసవచ్చిన లాటిన్ జనానికి బీన్సు, ఆలివ్ నూనె అమ్ముతూ పెరిగి, ఇప్పుడు ఆ దేశమంతటా తెలిసిన పేరైంది. 1990ల మొదట్లో అమెరికాలో టమోటా, మిరపలతో చేసే మెక్సికన్ పచ్చడి సల్సా అమ్మకాల విలువ టమోటా కెచప్‌ను దాటింది. వలసకూలీల తిండి అని చిన్నచూపు చూసిన వంట ఒక దేశపు రోజువారీ వంట అయిందనడానికి ఇంతకంటే పెద్ద గుర్తు నాకు కనబడదు.

ఇక బంగారు గనుల దగ్గరికి వద్దాం. కోలారు గనులకూ మెక్సికోకూ ఒక పాత చుట్టరికం ఉంది. 1870లలో మైకేల్ లావెల్ అనే ఐరిష్ సైనికుడు మైసూరు సర్కారు నుంచి ఇక్కడ తవ్వకాల హక్కు సంపాదించాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ కంపెనీ గనుల్ని చేతిలోకి తీసుకుంది. ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్ నుంచి గనిపని తెలిసినవాళ్ళను రప్పించింది. ఆ కంపెనీకి పేరిచ్చిన జాన్ టేలర్ అనే పెద్దాయన అంతకు ముందే, 1824లో, మెక్సికోలోని రియల్ దెల్ మోంతె వెండి గనుల కంపెనీ నడిపించాడు. అక్కడికీ కార్న్‌వాల్ గనివాళ్ళనే పంపాడు. కార్న్‌వాల్ వాళ్ళు గనిలోకి దిగేటప్పుడు మాంసం, బంగాళాదుంప లోపల పెట్టి కాల్చిన పాస్టీ అనే కజ్జికాయ లాంటి వంటకం పట్టుకెళ్ళేవాళ్ళు. మెక్సికన్లు దాన్ని పాస్తె అని పిలిచి, లోపల తమ మిరపకాయలూ, నల్లచిక్కుళ్ళూ, మోలె మసాలా దట్టించి సొంతం చేసుకున్నారు. ఆ గనుల్ని టేలర్ కంపెనీ 1849లో వదులుకుంది. పాస్తె మాత్రం ఆ గనులున్న ఇదాల్గో రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఇప్పుడు రియల్ దెల్ మోంతెలో దానికి ఏటా ఉత్సవం చేస్తారు.

మన గనుల్లోనూ అలాంటి కలయికే జరిగింది. ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు, చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ కన్నడిగులు, ఆంగ్లో ఇండియన్లు ఒకే బావిలోకి దిగి పైకొచ్చి ఎవరి వంట వాళ్ళు తిన్నా, రుచులు ఒకరి నుంచి ఒకరికి పాకాయి. ఆంగ్లో ఇండియన్ ఇళ్ళల్లో చేసే పెప్పర్ వాటర్ మన చారే. కొబ్బరిపాలతో చేసే పసుపన్నం, దానికి తోడు ఖైమా ఉండల కూర ఆదివారం భోజనం. ఈ ఊళ్ళో పుట్టిపెరిగిన బ్రిడ్జెట్ వైట్ కుమార్ ఆ వంటలన్నిటినీ పుస్తకాలుగా రాసిపెట్టారు. ఆమె చేసిన మేలు పెద్దది. గని కూలీల లేబర్ లైన్లలోని తమిళ, తెలుగు ఇళ్ళ వంటలకు కూడా అలాంటి పుస్తకం రావాలి. ఆ ఇళ్ళ అవ్వలు ఉండగానే రావాలి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పట్నుంచీ గనుల పేటలైన మారికుప్పం, చాంపియన్ రీఫ్, కోరమాండల్ పిల్లలకు బతుకుతెరువు బెంగుళూరు. తెల్లారకముందే రైలెక్కి, నూరు కిలోమీటర్లు పోయి, చీకటిపడ్డాక దిగేవాళ్ళు వేలమంది. ఆ పిల్లలు పనిచేసే నగరంలోనే 2010లో మెక్సికన్ తరహా తిండి అమ్మే అమెరికన్ కంపెనీ టాకో బెల్ మన దేశంలో మొదటి అంగడి తెరిచింది. 2012లో బర్ట్ మ్యూలర్ అనే అమెరికన్ కుర్రవాడు స్నేహితులతో కలిసి అదే ఊళ్ళో కాలిఫోర్నియా బరీటో మొదలుపెట్టాడు. మొదట కంపెనీల ఆవరణల్లో ఉద్యోగులు తిన్నారు, తర్వాత వీధుల్లోకి వచ్చింది. బరీటో అంటే అన్నం, రాజ్మా, టమోటా ఉల్లిపాయ ముక్కలు, కారం, రొట్టె. దక్షిణాది పిల్లవాడికి ఇందులో మింగుడుపడనిదేముంది?

బయటి వంట మన దగ్గర నిలవాలంటే మన చెయ్యి పడాలి. దానికి రుజువు మన పక్కనున్న బంగారపేటలోనే ఉంది. పానీపూరి ఉత్తరాది నుంచి వచ్చింది. అక్కడ పుదీనా, చింతపండు వేసి నీళ్ళు పచ్చగానో గోధుమరంగుగానో చేస్తారు. బంగారపేటవాళ్ళు ఆ నీటిని తేటనీరులా చేశారు. చూస్తే మంచినీళ్ళు, నోట్లో పోసుకుంటే కారం, లవంగం ఘాటు. ఇప్పుడు బెంగుళూరు వీధుల్లో ఎక్కడ చూసినా బంగారపేట పానీపూరి అని బోర్డులు. రేపు కూర పెట్టి మడిచే మెక్సికన్ రొట్టె టాకోకు కూడా ఇలాగే జరగాలని నా కోరిక. మొక్కజొన్న రొట్టెకు బదులు పల్చటి రాగిరొట్టె ఉండనీ. మెదిపిన చిక్కుళ్ళకు బదులు సంక్రాంతి రోజుల్లో ఈ ప్రాంతమంతా వండే పితుకుపప్పు ఉండనీ. పైన పచ్చి టమోటా, ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర సన్నగా తరిగి నిమ్మకాయ పిండితే అదే మెక్సికన్ల సల్సా. మన కోసంబరి కలిపిన చేతికి అది కొత్త పనే కాదు.

టమోటా మాట వచ్చింది కాబట్టి కోలారు మండీ గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. ఆసియాలోనే అతిపెద్ద టమోటా మండీల్లో అదొకటి. ముళబాగిలు, శ్రీనివాసపురం, మాలూరు, అటు మన పలమనేరు, వి.కోట వైపు నుంచి కూడా సరుకు చేరుతుంది. అక్కడ లెక్క పదిహేను కిలోల బాక్సు. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. వెయ్యి అడుగులు దాటి బోరు వేస్తేగాని నీళ్ళు పడని పల్లెలున్నాయి. 2018 నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోరమంగళ, చల్లఘట్ట లోయ పథకం ద్వారా ఇక్కడి చెరువులకు పంపుతున్నారు. అంత కరువుసీమలో రైతు డ్రిప్పు పెట్టి, మల్చింగ్ కాగితం పరిచి, నీలగిరి కర్రలు పాతి, తీగకు తాళ్ళు కట్టి, తెల్లదోమ తెచ్చే ముడత తెగులుతో పోరాడి పంట తీస్తాడు. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ముడత, వాడు, ఆకుమాడు తెగుళ్ళను మూడింటినీ తట్టుకునే అర్క రక్షక్ రకాన్ని ఇచ్చింది. పంట దాకా సాయం అందింది. ధర దగ్గరే రైతు ఒంటరి. 2023 జూలైలో బాక్సు రెండు వేల రూపాయలు దాటింది, దేశమంతా ఆ వార్తే. బాక్సు వంద రూపాయలు కూడా పలకక, కోతకూలీ రాక, రోడ్డు పక్కన పారబోసిన రోజులు రైతుకు అంతకంటే బాగా గుర్తు.

టమోటాలో నూటికి తొంభై నాలుగు పాళ్ళు నీరే. పేస్టు చెయ్యాలంటే ఆ నీరంతా ఇగరాలి, దానికి పెద్ద ఫ్యాక్టరీ, ఎక్కువ ఇంధనం, సారం ఎక్కువున్న రకం కావాలి. కోలారు రైతు పండించేది దూరం పోయేందుకు పనికొచ్చే గట్టి కాయ. పేస్టుకు అది లాభం కాదు, సల్సాకు మాత్రం చక్కగా సరిపోతుంది. తరిగితే నీరు కారదు, ముక్క నిలబడుతుంది. సీసాలో నిలవ ఉండాలంటే నిమ్మరసమో వెనిగరో చేర్చి పులుపు పెంచి పీహెచ్‌ను 4.6 కంటే కిందికి తేవాలి, సీసాను మరిగే నీళ్ళలో ఉంచి శుద్ధి చెయ్యాలి. ఊరగాయ పెట్టిన చేతికి, శుభ్రత పాటించే సంఘానికి ఇది అందని విద్య కాదు. 2020లో కేంద్రం మొదలుపెట్టిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో జిల్లాకో పంటను ఎంచుకున్నారు. కోలారుకు ఎంచింది టమోటానే. ఆ పథకం కింద యూనిట్ ఖర్చులో 35 శాతం, పది లక్షలకు మించకుండా, రుణంతో ముడిపెట్టి సబ్సిడీ ఇచ్చే ఏర్పాటు చేశారు.

కోలారు, బంగారపేట, ముళబాగిలు మహిళా సంఘాల అక్కచెల్లెళ్ళకు, రైతు సంఘాల పెద్దలకు నా మనవి ఒకటే. బెంగుళూరులో లాటిన్ వంట అమ్మే ప్రతి అంగడికీ రోజూ తరిగిన టమోటా కావాలి, కారం కావాలి, సీసా సల్సా కావాలి. ఆ అంగళ్ళు మీకు నూరు కిలోమీటర్ల లోపే ఉన్నాయి. ధర పడిపోయిన రోజు రోడ్డు పక్కకు పోయే బాక్సుల్లో కొన్నైనా సీసాల్లోకి వెళ్ళేటట్టు చూడండి. జిల్లా ఉద్యానశాఖ, పరిశ్రమల శాఖ కార్యాలయాలకు నలుగురు కలిసి వెళ్ళి, ఇప్పుడు ఏ పథకం కింద ఎంత సాయం దొరుకుతుందో అడగండి. సంఘం పేరుమీద దరఖాస్తు పెట్టండి. ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ మాత్రం మొదటే చేయించుకోండి, అది లేకుండా ఏ పెద్ద హోటలూ మీ సరుకు కొనదు.